ఇంజను వృథా ఉష్ణం నుండి శక్తి: పనిద్రవం ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు

డీజిల్ ఇంజనులో మండిన ఇంధనపు శక్తిలో మూడో వంతుకు కొంచెం మించిన భాగం మాత్రమే క్రాంక్ షాఫ్టుకు చేరుతుంది. 50 అశ్వశక్తి, అనగా సుమారు 37 కిలోవాట్ల ఇంజను పూర్తి భారంతో 35 శాతం సామర్థ్యంతో నడుస్తున్నదనుకుంటే, దానికి ఇంధన రూపంలో సుమారు 106 కిలోవాట్ల శక్తి అందవలసి ఉంటుంది. అందులో దాదాపు 32 కిలోవాట్లు ఎగ్జాస్ట్ వాయువులతోను, 26 కిలోవాట్లు రేడియేటర్ ద్వారాను, మిగిలిన 11 కిలోవాట్లు ఇంజను ఉపరితలం నుండి, లూబ్రికేటింగ్ ఆయిల్ నుండి వాతావరణంలో కలిసిపోతాయి. గంటకు 11 లీటర్ల వరకు డీజిల్ కాల్చే ఈ ఇంజనులో ఏడు లీటర్లు కేవలం పరిసరాలను వేడి చేయడానికే ఖర్చవుతున్నాయన్నమాట.

ఈ వృథా ఉష్ణాన్ని తిరిగి యాంత్రిక శక్తిగానో, విద్యుత్తుగానో మార్చడానికి వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులు తరచుగా ఎంచుకొనే పద్ధతి ఆర్గానిక్ ర్యాంకిన్ చక్రం. ఈ అంశంపై వెలువడే పరిశోధనలలో అధికభాగం, ఏ ద్రవం ఎక్కువ సామర్థ్యం ఇస్తుందో కంప్యూటరు గణనలతో తేల్చి అక్కడితో ముగుస్తాయి. అయితే ద్రవం ఎంపిక సామర్థ్యపు పట్టికతో ముగిసే విషయం కాదు. పంపు, బాయిలరు, ఎక్స్‌పాండర్, కండెన్సర్‌ల పరిమాణం, వాటిలోని పీడనం, అగ్నిప్రమాద భయం, చివరకు యంత్రం ఎక్కడ పనిచేయగలదన్న సంగతి సైతం ద్రవాన్ని బట్టే నిర్ణయమవుతాయి. చల్లని దేశాలలో తేలిన ఫలితాన్ని మన వేసవికి యథాతథంగా అన్వయిస్తే యంత్రం నడవకపోవచ్చు కూడా.

చక్రంలో పనిద్రవం పాత్ర

స్కాట్లండుకు చెందిన విలియం ర్యాంకిన్ పేరుతో పిలువబడే ఈ చక్రం ఆవిరి యంత్రపు చక్రమే. ద్రవాన్ని పంపు అధిక పీడనానికి చేరుస్తుంది. బాయిలరులో అది ఎగ్జాస్ట్ వేడిని గ్రహించి బాష్పమవుతుంది. ఆ బాష్పం ఎక్స్‌పాండర్‌లో వ్యాకోచించి షాఫ్టును తిప్పుతుంది. కండెన్సర్‌లో చల్లబడి మరల ద్రవమై పంపును చేరుతుంది. నీటికి బదులుగా తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే కర్బన సమ్మేళనాలను వాడినప్పుడు దీనిని ఆర్గానిక్ ర్యాంకిన్ చక్రం అంటారు.

ఈ చక్రానికి ఉష్ణగతిక శాస్త్రం ఒక గరిష్ఠ పరిమితిని విధించింది. బాష్పీభవన, సాంద్రీకరణ ఉష్ణోగ్రతల భేదాన్ని బాష్పీభవన పరమ ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చే కార్నో సామర్థ్యాన్ని ఏ ద్రవమూ దాటలేదు. చిన్న యంత్రాలు ఆచరణలో ఆ పరిమితిలో సగం సాధిస్తే మంచి పనితీరుగానే భావించాలి. అందుచేత ద్రవాల పేర్లు వల్లించడానికి ముందు, వేడి ఏ ఉష్ణోగ్రతలో లభిస్తున్నది, ఏ ఉష్ణోగ్రతలో దానిని వదలగలము అన్న రెండు ప్రశ్నలకు సమాధానం కావాలి.

ద్రవాల స్వభావంలోని భేదాలు

నీరు చవకైనది, విషరహితమైనది, మండనిది. శీతల దేశాలలో అది గడ్డకట్టి గొట్టాలను పగులగొడుతుందన్నది ప్రధానమైన ఆక్షేపణ. మన ప్రాంతంలో ఆ ఆక్షేపణకు బలం లేదు. ఇక్కడ నీటికి అడ్డువచ్చేది దాని గుప్తోష్ణం. ఒక కిలో నీటిని బాష్పంగా మార్చడానికి చాలా ఉష్ణం కావాలి కనుక, చిన్న ఇంజను ఎగ్జాస్ట్ నుండి లభించే 22 కిలోవాట్లతో సెకనుకు సుమారు 9 గ్రాముల ఆవిరి మాత్రమే తయారవుతుంది. ఇంత స్వల్ప ప్రవాహానికి తగిన టర్బైనును సమర్థంగా నిర్మించడం కష్టం. అంతే ఉష్ణంతో ఇథనాల్ అయితే సెకనుకు సుమారు 25 గ్రాములు, ఆర్-245ఎఫ్ఎ అనే ఫ్లోరిన్ సమ్మేళనం అయితే సుమారు 110 గ్రాములు ప్రవహిస్తుంది. ప్రవాహం పెరిగితే ఎక్స్‌పాండర్ నిర్మాణం సులభమవుతుంది. అయితే పంపు వాడుకొనే శక్తి కూడా పెరుగుతుంది. ఇథనాల్ పంపుకు కొన్ని పదుల వాట్లు సరిపోగా, ఆర్-245ఎఫ్ఎ పంపు దాదాపు మూడో వంతు కిలోవాటు వరకు తీసుకుంటుంది. రెండు కిలోవాట్లు ఉత్పత్తి చేసే యంత్రానికి ఇది చిన్న ఖర్చు కాదు.

రెండవ భేదం వ్యాకోచం తరువాత బాష్పపు స్థితికి సంబంధించినది. నీరు, ఇథనాల్ వంటివి తడి ద్రవాలు. ఎక్స్‌పాండర్‌లో పీడనం తగ్గుతుండగా వాటి బాష్పంలో తుంపరలు ఏర్పడి టర్బైను రెక్కలను కోస్తాయి. దానిని నివారించడానికి బాష్పాన్ని మరిగే ఉష్ణోగ్రతకంటె అధికంగా వేడి చేయాలి, లేదా తుంపరలను సహించగల పిస్టన్, స్క్రోల్ తరహా ఎక్స్‌పాండర్లను వాడాలి. పెంటేన్, టోలుయీన్ వంటివి పొడి ద్రవాలు. వీటి బాష్పం వ్యాకోచించిన తరువాత కూడా తుంపరలు లేకుండా వేడిగానే వెలువడుతుంది. ఆ మిగులు వేడిని పంపునుండి వచ్చే ద్రవానికి అందించే అదనపు ఉష్ణ వినిమయ పరికరం లేకపోతే, అది కండెన్సర్‌కు భారమై వృథా అవుతుంది.

మూడవది సందిగ్ధ ఉష్ణోగ్రత. ఇది ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతకు చాలా దిగువన ఉంటే ద్రవం వేడిని ఎక్కువ స్థాయిలో గ్రహించలేదు. సాధారణ చక్రంలో బాష్పీభవనాన్ని సందిగ్ధ బిందువుకు తగినంత దిగువన ఉంచడం ఆచారం. తరచుగా పరిశీలనకు వచ్చే ఆరు ద్రవాల ముఖ్య ధర్మాలు ఈ క్రింది పట్టికలో చూడవచ్చు. ఉష్ణోగ్రతలు సెల్సియస్ డిగ్రీలలో, పీడనం బార్లలో, సన్నిహిత విలువలుగా ఇవ్వబడినవి.

ద్రవం | మరుగు స్థానం | సందిగ్ధ ఉష్ణోగ్రత | 65 డిగ్రీల వద్ద బాష్ప పీడనం | ప్రమాద స్వభావం
నీరు | 100 | 374 | 0.25 | లేదు
టోలుయీన్ | 111 | 319 | 0.2 | మండుతుంది, విషప్రభావం కలదు
ఇథనాల్ | 78 | 241 | 0.6 | మండుతుంది
ఎన్-పెంటేన్ | 36 | 197 | 2.5 | అతిగా మండుతుంది
ఆర్-1233జెడ్‌డి(ఇ) | 18 | 166 | 4.5 | మండదు
ఆర్-245ఎఫ్ఎ | 15 | 154 | 5.3 | మండదు, భూతాప ప్రభావం అధికం

మన వేసవిలో లెక్క ఎలా మారుతుంది

పట్టికలో 65 డిగ్రీల విలువను ఎంచుకోవడానికి కారణం ఉంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో గాలి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకుతుంది. గాలితో చల్లబడే కండెన్సర్‌లో బాష్పం ద్రవంగా మారాలంటే దాని ఉష్ణోగ్రత గాలికంటె సుమారు 20 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి. అనగా వేసవి మధ్యాహ్నం సాంద్రీకరణ 65 డిగ్రీలకు దిగువన జరగదు.

ఈ స్థితిలో రేడియేటర్ నీటి వేడిని పరిశీలిద్దాం. 90 డిగ్రీల నీటితో ద్రవాన్ని 80 డిగ్రీల వద్ద మరిగించవచ్చు. 10 డిగ్రీల గాలి వీచే శీతల దేశంలో సాంద్రీకరణ 30 డిగ్రీల వద్ద జరుగుతుంది కనుక కార్నో పరిమితి 14 శాతం. మన వేసవిలో అదే యంత్రానికి పరిమితి 4 శాతం మాత్రమే. అందులో సగం సాధించినా 26 కిలోవాట్ల నుండి వచ్చేది అర కిలోవాటు. దానిని పంపు, ఫ్యాను కలిసి హరిస్తాయి. కావున గాలితో చల్లబడే యంత్రాలలో రేడియేటర్ ఉష్ణానికి ఏ ద్రవం మేలన్న చర్చ మన వేసవికి సంబంధించినంతవరకు నిష్ఫలం.

ఎగ్జాస్ట్ వేడి పరిస్థితి కొంత మెరుగు. 450 డిగ్రీల వాయువులను 150 డిగ్రీల వరకు చల్లార్చితే 32 కిలోవాట్లలో సుమారు 22 లభిస్తాయి. మరింత చల్లార్చితే గొట్టాలలో ఆమ్లపు తేమ చేరి తుప్పు పట్టే ప్రమాదం కలదు. ఇథనాల్‌ను 150 డిగ్రీల వద్ద, సుమారు 10 బార్ల పీడనంలో మరిగిస్తే కార్నో పరిమితి 20 శాతం, ఆచరణలో సుమారు 10 శాతం. ఆర్-245ఎఫ్ఎను 130 డిగ్రీల వద్ద, 23 బార్లకు పైబడిన పీడనంలో మరిగిస్తే ఆచరణలో లభించేది సుమారు 8 శాతం. ఇథనాల్ 2.2 కిలోవాట్లు ఇస్తుందనుకొని, పంపు, ఫ్యానుల ఖర్చు పోగా 1.8 కిలోవాట్లు మిగులుతాయి. ఇది ఇంజను శక్తిలో 5 శాతం, గంటకు సుమారు అర లీటరు డీజిల్‌కు సమానం. ఉష్ణ వినిమయ పరికరం ఎగ్జాస్ట్ మార్గంలో కలిగించే అవరోధం ఇందులో మరికొంత తగ్గిస్తుంది.

కాగితంపై గెలిచిన ఇథనాల్‌కు పట్టికలోని నాలుగవ గడి ఒక హెచ్చరిక చేస్తున్నది. 65 డిగ్రీల వద్ద దాని పీడనం వాతావరణ పీడనంలో దాదాపు అరవై శాతం మాత్రమే. ఎక్కడ చిన్న సందున్నా ద్రవం బయటకు రాదు, గాలే లోపలకు చొరబడుతుంది. అలా చేరిన గాలి సాంద్రీకరణను చెడగొట్టడమే కాక, మండే బాష్పంతో కలిసి లోపలే ప్రమాదకర మిశ్రమం ఏర్పడే అవకాశం కల్పిస్తుంది. నీటికి, టోలుయీన్‌కు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. సాంద్రీకరణను 80 డిగ్రీలకు పెంచితే ఇథనాల్ పీడనం వాతావరణ పీడనాన్ని దాటుతుంది గాని, ఉత్పత్తి ఆ మేరకు తగ్గుతుంది. ఆర్-1233జెడ్‌డి(ఇ), ఆర్-245ఎఫ్ఎ ద్రవాలతో ఈ సమస్య రాదు.

అగ్ని, విషం, తుప్పు

ఇథనాల్ బాష్పం నిప్పు అంటుకోగల అత్యల్ప ఉష్ణోగ్రత 13 డిగ్రీల ప్రాంతంలో ఉంది. నిప్పురవ్వ లేకున్నా తనంత తానుగా మండే ఉష్ణోగ్రత సుమారు 365 డిగ్రీలు. భారంతో నడిచే ఇంజను ఎగ్జాస్ట్ గొట్టం ఇంతకంటె వేడిగా ఉండవచ్చు. పది బార్ల పీడనంలో ఉన్న ఇథనాల్ సన్నని పగులు నుండి ఆ గొట్టంపై పడితే ఏమగునో వేరుగా చెప్పనవసరం లేదు. హార్వెస్టరుపై పొట్టు, ఎండుగడ్డి పేరుకొని ఉండే చోట ఈ ప్రమాదం రెట్టింపవుతుంది. ఇథనాల్‌లో కొంత నీరు కలిపితే మండే స్వభావం తగ్గుతుంది. పూర్తిగా నీరు లేని వేడి ఇథనాల్ అల్యూమినియంను తినివేస్తుంది కనుక, ఆ కోణంలో కూడా కొద్దిపాటి నీరు మేలే.

ఫ్లోరిన్ సమ్మేళనాలు మండకపోయినా నిరపాయకరమైనవి కావు. ఎగ్జాస్ట్ వాయువు నేరుగా తాకే గోడపై ద్రవ ప్రవాహం నిలిచిపోతే, అక్కడ ఉష్ణోగ్రత పెరిగి ఈ సమ్మేళనాలు విచ్ఛిన్నమై హైడ్రోజన్ ఫ్లోరైడ్ వెలువడవచ్చు. అది మనిషి ఊపిరితిత్తులకు, లోహపు గొట్టాలకు హానికరం. అందువలన పెద్ద ప్లాంట్లలో ఎగ్జాస్ట్ వేడిని మొదట థర్మల్ ఆయిల్‌కు అందించి, ఆ ఆయిల్‌తో పనిద్రవాన్ని మరిగించడం వాడుకలో ఉన్నది. ఈ ఏర్పాటు భద్రత ఇస్తుంది. దానికి మారుగా అదనపు బరువును, కొంత ఉష్ణోగ్రత నష్టాన్ని భరించవలసి ఉంటుంది.

చట్టం మార్చిన ఎంపికలు

పనిద్రవాల చరిత్రలో ఉత్తమమని పేరు పొందినవి ఎక్కువకాలం నిలవలేదు. 1880ల దశకంలో అమెరికాలో చిన్న పడవలను నాఫ్తాను మరిగించే యంత్రాలతో నడిపారు. ఆవిరి బాయిలరుకు అవసరమైన లైసెన్సుగల ఇంజనీరు వీటికి అక్కరలేకపోవడమే వాటి ఆదరణకు కారణం. ద్రవం ఎంపికను ఉష్ణగతిక శాస్త్రంతో పాటు నిబంధనలు కూడా శాసిస్తాయనడానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. చమురు సంక్షోభం తరువాత 1970ల దశకంలో అమెరికాలో మాక్ సంస్థ ట్రక్కు ఇంజనుకు థర్మో ఎలక్ట్రాన్ సంస్థ అమర్చిన యంత్రం ట్రైఫ్లోరోఇథనాల్, నీటి మిశ్రమంతో సుమారు 12 శాతం ఇంధన ఆదా చూపింది. అయినప్పటికీ ఆ యంత్రం విపణికి చేరలేదు.

ఆర్-11, ఆర్-113 వంటి క్లోరోఫ్లోరోకార్బన్లు ఒకప్పుడు ఆర్గానిక్ ర్యాంకిన్ యంత్రాలకు అనువైనవిగా భావించబడ్డాయి. ఓజోన్ పొరకు అవి చేసే హాని కారణంగా 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో వాటి కాలం తీరింది. వాటి స్థానంలో వచ్చిన ఆర్-123 కూడా కొంతమేర ఓజోన్‌కు హాని కలిగించేదే కావడంతో తొలగింపు జాబితాలో చేరింది. అనంతరం ఆర్-245ఎఫ్ఎ ప్రాచుర్యంలోకి వచ్చింది. ఇది ఓజోన్‌కు హాని చేయదు గాని, నూరేళ్ళ కాలంలో భూతాపంపై దీని ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు వెయ్యి రెట్లు. 2016 నాటి కిగాలి సవరణ ఇటువంటి హైడ్రోఫ్లోరోకార్బన్ల వాడకాన్ని తగ్గించడానికి ఉద్దేశించినది. భారతదేశం దీనిని 2021లో ఆమోదించింది. 2032 నుండి నాలుగు దశలలో వాడకాన్ని తగ్గిస్తూ 2047 నాటికి 85 శాతం తగ్గింపు సాధించవలసి ఉంది.

నేడు ఆర్-1233జెడ్‌డి(ఇ)ని మేలైన ప్రత్యామ్నాయంగా చూస్తున్నారు. దాని భూతాప ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌తో పోల్చదగినంత స్వల్పం. అయితే దీర్ఘకాలం నశించని ఫ్లోరిన్ రసాయనాలన్నింటినీ నియంత్రించాలన్న ప్రతిపాదన 2023లో ఐరోపాలో వెలువడింది. ఆ విస్తృత నిర్వచనంలోకి ఈ ద్రవం కూడా వస్తుంది. పదిహేనేళ్ళు పనిచేయవలసిన యంత్రానికి పదేళ్ళ తరువాత ద్రవం దొరుకుతుందా అన్నది కూడా ఎంపికలో భాగమే. ఈ పరీక్షలో నీరు, ఇథనాల్, పెంటేన్ నిలుస్తాయి. ధాన్యం, చెరకు మొలాసిస్‌ల నుండి తయారయ్యే ఇథనాల్ మన దేశంలో లభ్యతకు కొరత లేనిది కూడా.

ట్రాక్టరు, నీటి పంపు

యంత్రం ఎక్కడ ఉండబోతున్నదన్న దానిపై తుది నిర్ణయం ఆధారపడుతుంది. ట్రాక్టరు పనిలో భారం నిమిష నిమిషానికి మారుతుంది. దుక్కిలో 450 డిగ్రీలున్న ఎగ్జాస్ట్, మలుపులలోను, రవాణాలోను గణనీయంగా చల్లబడుతుంది. చక్రం స్థిరపడేలోపే పరిస్థితి మారిపోతుంది. పైగా కండెన్సర్ విడిచిపెట్టవలసిన 20 కిలోవాట్ల వేడి, రేడియేటర్ ఇప్పటికే మోస్తున్న 26 కిలోవాట్లకు తోడవుతుంది. దుమ్ము, పొట్టుతో మూసుకుపోయే రేడియేటరుకు భారాన్ని ముప్పాతిక వంతుకు మించి పెంచడం ఆచరణ సాధ్యం కాదు. ప్రస్తుత పరిస్థితులలో ట్రాక్టరుపై ఈ చక్రాన్ని సిఫారసు చేయదగిన ద్రవం లేదనే చెప్పాలి.

డీజిల్ ఇంజనుతో నీరు తోడే చోట పరిస్థితి భిన్నం. భారం గంటల తరబడి మారదు. అన్నిటినీ మించి, చల్లని నీరు చేతికందే దూరంలో ప్రవహిస్తూ ఉంటుంది. భూగర్భజలం 28 నుండి 30 డిగ్రీలు ఉంటే సాంద్రీకరణను 40 డిగ్రీల వద్ద జరపవచ్చు. 20 కిలోవాట్ల వేడిని గ్రహించి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కడానికి సెకనుకు అర లీటరు నీరు సరిపోతుంది. పంపు తోడే నీటిలో అది చిన్న భాగం. అప్పుడు 130 డిగ్రీల వద్ద మరిగే ఆర్-1233జెడ్‌డి(ఇ)కి కార్నో పరిమితి 22 శాతానికి చేరుతుంది. 65 డిగ్రీల వద్ద ద్రవీకరించే ఇథనాల్ కంటె ఇది మెరుగు. 40 డిగ్రీల వద్ద కూడా దాని పీడనం సుమారు 2 బార్లు కనుక గాలి చొరబడే సమస్య లేదు. అదే ఉష్ణోగ్రతలో ఇథనాల్ పీడనం 0.2 బార్లకు పడిపోతుంది. చల్లార్చే ఏర్పాటు మారగానే అనువైన ద్రవం కూడా మారిపోయిన తీరు ఇక్కడ గమనించదగినది. అయితే కండెన్సర్ గొట్టం చిల్లుపడితే ద్రవం పొలం నీటిలో కలుస్తుంది కనుక, ఆ నీటిని తాగడానికి వాడే చోట ఈ ఏర్పాటు తగదు.

ద్రవమే అవసరం లేని సందర్భం

పనిద్రవం ఎంపికకు ముందు, వేడిని వేడిగానే వాడుకొనే వీలుందా అని విచారించడం అన్నిటికంటె ముఖ్యం. 20 శాతం తేమగల ఒక టన్ను ధాన్యాన్ని 14 శాతానికి ఆరబెట్టాలంటే సుమారు 70 కిలోల నీటిని తొలగించాలి. డ్రయ్యర్ నష్టాలతో కలిపి కిలో నీటికి 5 మెగాజౌళ్ళు అవసరమనుకుంటే, ఎగ్జాస్ట్ నుండి లభించే 22 కిలోవాట్లు గంటకు దాదాపు 16 కిలోల నీటిని తొలగిస్తాయి. అనగా నాలుగున్నర గంటలలో టన్ను ధాన్యం ఆరుతుంది. అదే ఉష్ణాన్ని ర్యాంకిన్ చక్రానికి ఇస్తే మిగిలేది రెండు కిలోవాట్లకు లోపు. ఖరీఫ్ కోతల వేళ తుపాను మేఘాలు కమ్మిన ఊరిలో ఈ రెండింటిలో ఏది రైతుకు అక్కరకు వస్తుందో నిర్ణయించడం కష్టం కాదు. ఎగ్జాస్ట్ వాయువు మసితో కూడినది కనుక ధాన్యాన్ని నేరుగా తాకరాదు. గాలిని వేడిచేసే ఉష్ణ వినిమయ పరికరం ఒక్కటి చాలు. పంపు, ఎక్స్‌పాండర్, కండెన్సర్, పనిద్రవం ఏవీ అక్కరలేదు.

ఎంపిక క్రమం

పై అంశాలను బట్టి విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు ఈ క్రమాన్ని పాటించడం మంచిది. మొదట, ఆ చోట వేడికి ప్రత్యక్ష వినియోగం ఉన్నదేమో చూడాలి. లేనప్పుడు, ఇంజను ఏడాదికి ఎన్ని గంటలు స్థిరమైన భారంతో నడుస్తుందో లెక్కించాలి. వెయ్యి గంటలు నడిచే ఇంజను 500 లీటర్ల డీజిల్ ఆదా చేస్తే, మూడు వందల గంటలది 150 లీటర్లతో సరిపెడుతుంది. తరువాత వివిధ భారాల వద్ద ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతను థర్మోకపుల్‌తో కొలవాలి. చల్లార్చడానికి గాలియా, నీరా అన్నది తేల్చి, ఆ ఊరి అత్యధిక వేసవి ఉష్ణోగ్రత వద్ద సాంద్రీకరణ పీడనాన్ని గణించాలి. ఇవన్నీ తేలిన పిమ్మటనే ద్రవాల జాబితా తెరవాలి. ఆ జాబితాలో నుండి కూడా ముందుగా చట్టం, అగ్నిభయం, దొరికే వీలు దృష్ట్యా నిలవలేనివాటిని తొలగించి, మిగిలిన వాటి మధ్యనే సామర్థ్యాన్ని పోల్చాలి.

ఈ వరుసను తలక్రిందులు చేసి సామర్థ్యంతో మొదలుపెట్టిన పరిశోధనలు తరచుగా టోలుయీన్ వంటి ద్రవం వద్దకు చేరుకుంటాయి. గణనలో అది తప్పు కాదు. అయితే పొలంలో దానిని పీడనంతో మరిగించే యంత్రాన్ని నడిపే బాధ్యత రైతుదో, ఆపరేటరుదో అవుతుంది. వారి చేతికి ఇవ్వదగిన ద్రవాన్ని ఎన్నుకోవడమే ఈ పరిశోధన ప్రయోజనం.